సంతకానికి బాధ్యత ఎవరిది?

ఉద్యోగ జీవితంలో నీతి అనగానే ఎవరికైనా ముందుగా గుర్తుకొచ్చేది లంచం. చేయి చాచని అధికారి నీతిమంతుడన్న అభిప్రాయం సమాజంలో స్థిరపడిపోయింది. వ్యక్తిగత నిజాయతీకి అది కొలమానం కావచ్చు. వృత్తి ధర్మానికి మాత్రం ఆ ఒక్కటీ చాలదు. కళ్లతో చూడని పనిని చూసినట్లు, లెక్కించని సొమ్మును లెక్కించినట్లు సంతకం చేసిన వ్యక్తి పైసా ముట్టకపోయినా జరిగే నష్టం తగ్గదు. ఇంజినీరుకు, ఆడిటరుకు, వైద్యునికి సమాజం అప్పగించిన అధికారమంతా ఆ సంతకంలోనే ఉంది. అది ఎంత తేలికగా పడుతోందన్నదే నేడు ఆలోచించాల్సిన అంశం.

లేని డబ్బుకు లెక్కలు

సంతకం విలువ ఎంతటిదో తెలుగువారికి తెలియజెప్పిన ఉదంతం సత్యం కంప్యూటర్స్‌ది. హైదరాబాద్ కేంద్రంగా ఎదిగి, సుమారు 50 వేల మందికి ఉపాధి కల్పించిన ఆ సంస్థ ఛైర్మన్ బి.రామలింగరాజు 2009 జనవరి 7న డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖ దేశాన్ని నివ్వెరపరచింది. 2008 సెప్టెంబరు 30 నాటికి నగదు, బ్యాంకు నిల్వలు రూ.5,361 కోట్లున్నట్లు పుస్తకాల్లో చూపగా, అందులో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవని ఆ లేఖలో ఆయన అంగీకరించారు. ఆ త్రైమాసికంలో నిర్వహణ లాభం రూ.649 కోట్లుగా చూపితే, వాస్తవంగా వచ్చింది రూ.61 కోట్లే. ఉత్తమ కార్పొరేట్ పాలనకు ఇచ్చే అంతర్జాతీయ పురస్కారాన్ని ఆ సంస్థ అంతకు కొద్ది నెలల ముందే అందుకోవడం గమనార్హం.

బ్యాంకులో సొమ్ము ఉందో లేదో తెలుసుకోవడం ఆడిటింగులో ఓనమాల వంటిది. ఆడిటరు నేరుగా బ్యాంకును అడగాలి. జవాబు నేరుగా ఆడిటరుకే చేరాలి. కంపెనీ చేతుల మీదుగా వచ్చిన కాగితాన్ని నమ్మి ఊరుకోరాదు. ఈ ధ్రువీకరణ ప్రక్రియను ఆడిటర్లు యాజమాన్యానికే వదిలేశారని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2011 ఏప్రిల్‌లో తప్పుపట్టి, సంబంధిత ఆడిటింగ్ సంస్థలపై 60 లక్షల డాలర్ల జరిమానా విధించింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక న్యాయస్థానం ఈ కేసులో పది మందిని దోషులుగా తేల్చింది. ఛైర్మన్, ఆయన సోదరులతో పాటు ఇద్దరు మాజీ ఆడిటర్లు, అంతర్గత ఆడిట్ విభాగాధిపతి, ఆర్థిక విభాగంలో పనిచేసిన ఉద్యోగులూ అందులో ఉన్నారు. మరుసటి నెలలో సెషన్స్ కోర్టు శిక్షల అమలును నిలిపివేసి బెయిలు మంజూరు చేసింది. పైస్థాయిలో తీసుకున్న నిర్ణయం కాగితం మీదకు రావాలంటే కింది స్థాయిలో ఎన్ని చేతులు కదలాలో ఈ జాబితా చెబుతోంది.

ఊరి స్థాయిలోనూ అదే తీరు

ఇదంతా మహానగరాల వ్యవహారమని జిల్లా వాసులు భావించనక్కరలేదు. గ్రామంలో వేసిన సిమెంటు రోడ్డుకు బిల్లు చెల్లించాలంటే ఇంజినీరు స్వయంగా వెళ్లి కొలతలు తీసి ఎం-బుక్‌లో నమోదు చేయాలి. పై అధికారి సరిచూడాలి. గుత్తేదారు చెప్పిన కొలతలను కార్యాలయంలో కూర్చునే ఎక్కిస్తే, తొలి వానకే రోడ్డు నిజం చెబుతుంది. మందుల దుకాణంలో మందులివ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు అని 1948 నాటి ఫార్మసీ చట్టం నిర్దేశిస్తోంది. గోడకు ఒకరి సర్టిఫికెట్ వేలాడుతుండగా కౌంటరు వద్ద మరొకరు మందులిచ్చే దుకాణాలు లేకపోలేదు. సర్టిఫికెట్‌ను అద్దెకిచ్చిన పట్టభద్రుడు తానేదో తప్పు చేస్తున్నానని భావించడు. నెలకు కొంత మొత్తం వస్తోందని, ఎవరికీ నష్టం లేదని సరిపెట్టుకుంటాడు. మోతాదు మారిన మందు మింగిన రోగి ఆయనకు కనిపించడు.

ఇటువంటి చోట్ల వినిపించే సమాధానాలు రెండు. 'ముందు నుంచీ ఇలాగే నడుస్తోంది' అన్నది ఒకటి. 'పైవాళ్లు చెప్పారు' అన్నది రెండోది. వీటిని పూర్తిగా కొట్టిపారేయలేం. ఒకే ఇంజినీరుకు రెండు మూడు మండలాల బాధ్యతలు అప్పగించి, బిల్లులు తెల్లారేసరికి కావాలంటే ప్రతి పనినీ కొలిచి రావడం మానవసాధ్యం కాదు. కాదన్నవారికి బదిలీ సిద్ధంగా ఉంటుంది. కాబట్టి నీతిని ఉద్యోగి మనస్సాక్షికి మాత్రమే వదిలేసి, సిబ్బందిని పెంచాల్సిన యంత్రాంగం చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

అక్కరకొచ్చే నిబంధన

'పైవాళ్లు చెప్పారు' అన్న సమాధానానికి నిబంధనల్లోనే విరుగుడు ఉంది. కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి (1964) మూడో నిబంధన ప్రకారం పై అధికారి ఆదేశాలు సాధారణంగా రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాటగా ఆదేశం అందినప్పుడు కింది ఉద్యోగి వీలైనంత త్వరగా దాన్ని రాతలో ధ్రువీకరించాలని కోరాలి. అలా ధ్రువీకరించడం పై అధికారి విధి. 'దయచేసి ఈ ఆదేశాన్ని రాసి ఇవ్వండి' అన్న ఒక్క వాక్యానికి ఆగిపోయే అక్రమాలు తక్కువేమీ ఉండవు. ఎందుకంటే, నోటితో చెప్పినంత తేలికగా ఎవరూ కాగితం మీద చెప్పలేరు.

రక్షణ ఏదీ?

అయినా నోరు విప్పినవారికి అండ ఉందా అన్నది అసలు ప్రశ్న. స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాలపై 2002లో ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాసిన ఇంజినీరు సత్యేంద్ర దూబే తన పేరు గోప్యంగా ఉంచాలని కోరారు. ఆ గోప్యత నిలువలేదు. 2003 నవంబరు 27న ఆయన బీహార్‌లోని గయలో హత్యకు గురయ్యారు. అది దోపిడీ యత్నంలో జరిగిన హత్యని సీబీఐ తేల్చినా, లేఖ చేతులు మారిన తీరుపై దేశవ్యాప్తంగా ఆగ్రహం పెల్లుబికింది. 2004లో కేంద్రం ఇటువంటి ఫిర్యాదులను స్వీకరించే బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించింది. ప్రజావేగుల రక్షణ చట్టానికి 2014 మేలో రాష్ట్రపతి ఆమోదం లభించింది. అయితే దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం నేటికీ వెలువడలేదు. ప్రైవేటు రంగంలో లిస్టెడ్ కంపెనీలు ఫిర్యాదు చేసిన ఉద్యోగికి రక్షణ కల్పించే ఏర్పాటు చేసుకోవాలని 2013 కంపెనీల చట్టం నిర్దేశించడం కొంత ఊరట. చిన్న ఆసుపత్రిలో, ప్రైవేటు కళాశాలలో, మందుల దుకాణంలో పనిచేసేవారికి ఆ పాటి ఆసరా కూడా లేదు.

గ్రామసభ నేర్పిన పాఠం

మార్గం లేదని నిరాశ పడనక్కరలేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకంలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీలకు శ్రీకారం చుట్టింది. మస్టర్ రోల్‌లోని పేర్లను గ్రామంలో అందరి ముందు చదివి వినిపించారు. పనికి రానివారి పేర, కొన్నిచోట్ల మరణించినవారి పేర కూడా కూలి డ్రా అయిన సంగతి బయటపడింది. తేలిన సొమ్మంతా తిరిగి వసూలు కాలేదన్న విమర్శ ఉన్నా, సంతకం చేసిన వ్యక్తి కూలీల ఎదుట నిలబడి జవాబు చెప్పాల్సి రావడం చిన్న మార్పేమీ కాదు.

అదే పద్ధతిని ఎం-బుక్‌కు వర్తింపజేయడానికి పెద్ద ఖర్చు కాదు. పని పూర్తయిన రోడ్డు పొడవు, వెడల్పు, మందం, కొలిచిన అధికారి పేరు, తేదీ ఆ వీధిలోనే బోర్డు మీద రాస్తే చాలు. టేపు పట్టుకుని సరిచూసేవారు ఊళ్లోనే ఉంటారు. తన సంతకాన్ని పదిమంది చదువుతారని తెలిసినప్పుడు దాన్ని పెట్టే చేయి ఒక్క క్షణమైనా ఆగుతుంది. చూడకుండా పడే సంతకాలను తగ్గించడానికి ఆ క్షణమే ఆధారం. ఆ క్షణంలో 'చేయను' అన్నవారికి అండగా నిలవాల్సిన చట్టాన్ని ఇకనైనా అమల్లోకి తేవడం పాలకుల విధి.