భిలాయ్: లెక్కకెక్కని వేడి

ఉక్కు శాఖపై పార్లమెంటులో ప్రశ్న వచ్చినప్పుడల్లా సభ్యులు అడిగేది టన్నుల గురించే. మంత్రులు చెప్పేదీ టన్నుల గురించే. 2030 నాటికి 30 కోట్ల టన్నుల సామర్థ్యం సాధించాలన్న 2017 జాతీయ ఉక్కు విధానపు అంకె ఉభయ పక్షాలకూ కంఠస్థమే. ఒక్కొక్క టన్నుకు ఎంత వేడి ఖర్చవుతున్నది, అందులో ఎంత గాలిలో కలిసిపోతున్నది అన్న ప్రశ్న మాత్రం అరుదు. ఒకవేళ వచ్చినా నక్షత్రపు గుర్తు లేని ప్రశ్నగా వచ్చి, లిఖితపూర్వక సమాధానం పొంది, గ్రంథాలయం చేరుతుంది.

మన సమగ్ర కర్మాగారాలలో టన్ను ముడి ఉక్కుకు 6 నుంచి 6.5 గిగా కెలోరీలు ఖర్చవుతుండగా, విదేశాలలో 4.5 నుంచి 5తో సరిపోతున్నదని ఉక్కు శాఖ తన నివేదికలలోనే రాసుకున్నది. మన బొగ్గులో బూడిద ఎక్కువన్నది నిజమే. కాని లోటంతా బూడిద మీదికి నెట్టడం న్యాయం కాదు.

ఈ సంగతి కళ్ళారా చూద్దామని ఆ మధ్య భిలాయ్ వెళ్ళాను. నాకు మేనమామ వరుసయ్యే పెద్దాయన ఒకరు కోక్ ఓవెన్లలో పని చేసి విరమించి, ఆ ఊళ్ళోనే స్థిరపడ్డారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి బతుకుదెరువుకు వచ్చిన కుటుంబాలు అక్కడ తక్కువేమీ కాదు. సాయంకాలం మేడ మీద కూర్చున్నాము. కర్మాగారం వైపు నుంచి తెల్లని మబ్బు ఒకటి లేచింది. “ఆ మబ్బు లేచిందంటే షిఫ్టు నడుస్తున్నట్టేరా అబ్బాయ్. అది కనబడని రోజు మాకు గుండె దడ” అన్నారు మామయ్య. నిజమే, ఆ మబ్బు ఆ ఊరికి జీవనాధారం. అదే మబ్బు పోయిన వేడికి రసీదు కూడా.

ఓవెన్ నుంచి వెయ్యి డిగ్రీల పైబడిన వేడితో బయటికి వచ్చిన కోక్‌ను నీళ్ళు గుమ్మరించి చల్లార్చడం పాత పద్ధతి. ఆ వేడంతా మబ్బై పోతుంది. నీటికి బదులు నత్రజని వాయువును తిప్పి చల్లార్చి, ఆ వాయువును బాయిలర్ గుండా పంపితే, టన్ను కోక్‌కు సుమారు అర టన్ను ఆవిరి దక్కుతుంది. ఈ పద్ధతిని భారీ ఎత్తున ఆచరణలో పెట్టిన వారు 1960 దశకపు సోవియట్ ఇంజనీర్లు. భిలాయ్ ఒప్పందం మీద సంతకాలయినది 1955 ఫిబ్రవరి 2న. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించినది 1959 ఫిబ్రవరి 4న. కొద్ది సంవత్సరాలు ముందు పుట్టిన పాపానికి పెద్ద బిడ్డకు దక్కని విద్య, అదే సోవియట్ సహాయంతో వెలసిన విశాఖకు పుట్టుకతోనే అబ్బింది. భిలాయ్‌లో ఆధునికీకరణలో భాగంగా వచ్చిన పదకొండవ బ్యాటరీకి గాని పొడి చల్లార్పు రాలేదు.

విశాఖలో ఇంకొక విశేషం ఉన్నది. కోక్ వేడితో పుట్టిన ఆవిరిని అధిక పీడనంలో 7.5 మెగావాట్ల టర్బైన్లు రెండింటి గుండా పంపి విద్యుత్తు తీస్తారు. పీడనం తగ్గి బయటపడిన ఆవిరిని పారవేయక కర్మాగారపు ఇతర అవసరాలకు వాడుతారు. అల్పపీడన ఆవిరి అన్నది ఇదే. అల్పపీడనం అనగానే తెలుగు పాఠకునికి బంగాళాఖాతం గుర్తు రావడం సహజం. ఇది తుపాను తేదు. వాతావరణ పీడనానికి నాలుగు రెట్ల వద్ద, సుమారు 144 డిగ్రీల వేడిలో ఉండే సాధుజీవి. తారును వేడి చేయడానికి, బెంజాల్ వేరు చేయడానికి, చివరకు కంట్రోల్ గదులను చల్లబరిచే యంత్రాలకు సైతం పనికివస్తుంది.

ఇక్కడే నా ఫిర్యాదు. ఉక్కు శాఖ జాబితాలలో కోక్ పొడి చల్లార్పు, ఫర్నేస్ పైవాయువుల టర్బైను వంటి పెద్ద పథకాలకు చోటు ఉన్నది. 250, 300 డిగ్రీల వద్ద చిమ్నీ ఎక్కే వాయువులకు పెద్ద పీట లేదు. వాటితో విద్యుత్తు తీయడం గిట్టుబాటు కాకపోవచ్చు. అల్పపీడన ఆవిరి తీయడం సాధ్యమే. అలా తీసిన ప్రతి టన్ను ఆవిరి బాయిలర్‌లో మండే వాయువును మిగులుస్తుంది. మిగిలిన వాయువు విద్యుత్తుకు పనికివచ్చి, ఆ మేరకు బొగ్గును ఆదా చేస్తుంది. ఎన్.టి.పి.సి., సెయిల్ ఉమ్మడి సంస్థకు భిలాయ్‌లో 250 మెగావాట్ల బొగ్గు యూనిట్లు రెండు ఉన్నవని ఇక్కడ గుర్తు చేయవలసి ఉన్నది.

చిక్కులు లేవనను. వాయువులో గంధకం ఉంటే, మరీ చల్లబరిచినప్పుడు ఆమ్లం పేరుకొని గొట్టాలను తినివేస్తుంది. కన్వర్టర్ వద్ద ఆవిరి ఇరవై నిమిషాలు వచ్చి ఆగిపోతుంది. నిలవ చేసుకొనే ట్యాంకు కావాలి. పెంచిన ప్రతి గొట్టాన్నీ కాపాడే మనుషులూ కావాలి. 2018 అక్టోబరు 9న భిలాయ్ కోక్ ఓవెన్ల వాయు మార్గం వద్ద మరమ్మతు వేళ జరిగిన ప్రమాదం పదిమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. మనుషులను తగ్గించి గొట్టాలను పెంచుదామంటే కుదరదు.

అయినా అసలు అడ్డంకి ఇంజనీరింగ్ కాదు, లెక్క. 2012లో మొదలైన ఇంధన పొదుపు పథకం క్రింద లక్ష్యం మించి పొదుపు చేసిన కర్మాగారానికి సర్టిఫికెట్లు ఇస్తారు. టన్ను చమురుకు సమానమైన ఇంధనం విలువ 10,154 రూపాయలని ప్రభుత్వమే ప్రకటించింది. 2017లో విపణికి ఎక్కిన సర్టిఫికెట్ అందులో చిన్న భాగానికే అమ్ముడయింది. ఆ ధర చూసి చిమ్నీ వేడికి బాయిలర్ కట్టమని సంతకం పెట్టే అధికారి ఎవరు? కొత్త ఫర్నేస్‌కు శిలాఫలకం ఉంటుంది. పాత చిమ్నీకి తగిలించిన బాయిలర్‌కు రిబ్బను కత్తిరించడానికి మంత్రులు రారు.

యూరప్ 2026 జనవరి 1 నుంచి కర్బన సుంకం విధించే చట్టం చేసిన తరువాత ఢిల్లీలో కొంత కదలిక వచ్చిన మాట వాస్తవం. 2024 డిసెంబరులో హరిత ఉక్కుకు నిర్వచనం కూడా ప్రకటించారు. కాని భిలాయ్ పట్టాలు ప్రధానంగా పోయేది మన రైల్వేలకే. యూరప్ కోసం కాదు, కొని తెచ్చుకొనే బొగ్గు కోసం మనం ఈ లెక్క చూసుకోవాలి.

ఉక్కు శాఖ వంతు వచ్చే రోజున ఎవరైనా సభ్యులు మూడు అంకెలు విడివిడిగా అడిగితే చాలు: ఒక్కొక్క కర్మాగారం వాడే అల్పపీడన ఆవిరి ఎంత, అందులో వృథా వేడి నుంచి వచ్చినది ఎంత, ఇంధనం మండించి తెచ్చినది ఎంత? దుర్గ్ సభ్యుడు అడిగినా, విశాఖ సభ్యుడు అడిగినా జవాబు చెప్పవలసిన శాఖ ఒక్కటే.