చెవిలో నాడి వినిపిస్తే చెవి ఒక్కటే చూస్తే చాలదు

చెవిలో హోరు అనగానే మన ఊళ్లలో రెండు జవాబులు తయారుగా ఉంటాయి. వయసు పైబడిన మనిషైతే నరాల బలహీనత, చిన్న వయసైతే చెవిలో గుబిలి. మొదటిదానికి బి-కాంప్లెక్స్ సూది, రెండోదానికి చుక్కల మందు, రెండూ పనిచేయకపోతే "అలవాటు చేసుకోమ్మా" అనే ఓదార్పు. గుయ్యిమని ఎడతెగకుండా మోగే మామూలు హోరు విషయంలో ఆ ఓదార్పులో కొంత నిజం లేకపోలేదు. వయసు వల్లనో, గనుల్లోనో మిల్లుల్లోనో ఏళ్ల తరబడి రొదలో పనిచేయడం వల్లనో లోపలిచెవి కణాలు దెబ్బతిని వచ్చే మోత అది. దాన్ని పూర్తిగా మాన్పే మందు ఇప్పటిదాకా రాలేదు. అయితే హోరులో ఇంకో రకం ఉంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చెవిలో దబ్ దబ్‌మనో, ఉస్సు ఉస్సుమనో నాడితో పాటే వినిపిస్తుంది. గట్టు ఎక్కితే వేగం పెరుగుతుంది, కూర్చుంటే నెమ్మదిస్తుంది. వైద్యులు దీన్ని పల్సటైల్ టినిటస్ అంటారు. చెవిహోరు ఉన్నవాళ్లలో ఈ రకం పదో వంతు కన్నా తక్కువే. ఆ కొద్దిమందికి అలవాటు చేసుకోమని చెప్పి పంపేయడం తప్పు, ఎందుకంటే తక్కిన హోరులా కాకుండా దీనికి వెతికితే చాలామందిలో కారణం దొరుకుతుంది, దొరికిన కారణాల్లో చాలావాటికి వైద్యముంది. ఆ వెతుకులాట హైదరాబాద్‌లోని స్కాన్ గదిలో కాదు, ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచున ఉన్న ఉపకేంద్రాల్లో మొదలవ్వాలన్నది ఈ వ్యాసం వాదన.

ఈ చప్పుడు ఊహ కాదు. మెదడుకు రక్తం తీసుకుపోయే పెద్ద ధమని కణత ఎముకలో లోపలిచెవి పక్కనుంచే వెళ్తుంది. మెదడు నుంచి కిందికి దిగే పెద్ద సిర మధ్యచెవికి అడుగున ఉబ్బెత్తుగా ఒంపు తిరుగుతుంది. రెండింటికీ వినికిడి గదికీ మధ్య ఉండేది పలచటి ఎముక పొర. రక్తం సాఫీగా పోతున్నంతసేపు చప్పుడుండదు. భద్రాచలం దగ్గర విశాలంగా, నెమ్మదిగా కనిపించే గోదావరే పాపికొండల ఇరుకులో పడేసరికి సుడులు తిరిగి హోరెత్తుతుంది. రక్తనాళం ఎక్కడైనా ఇరుకైనా, ప్రవాహం వేగం పెరిగినా అదే జరుగుతుంది. ధమనిలో కొవ్వు పేరుకోవడం, అధిక రక్తపోటు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, గర్భం, తలలో ఒత్తిడి పెరగడం, మధ్యచెవిలో రక్తనాళాల గడ్డ, ధమనికీ సిరకూ మధ్య అడ్డదారి పడటం, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. వాటన్నిటిలో మన ప్రాంతానికి బాగా దగ్గరి చుట్టం రక్తహీనత. రక్తం పలచబడితే ఒంటికి చాలినంత ప్రాణవాయువు అందించడానికి గుండె ఎక్కువ రక్తాన్ని ఎక్కువ వేగంతో తోస్తుంది. ఆ పలచటి, వేగమైన ప్రవాహం మెడ సిరలో మోత పెడుతుంది.

ఈ చుట్టరికం ఎంత దగ్గరిదో చెప్పే లెక్కలున్నాయి. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో అది 58.8 శాతం. గర్భిణుల్లో రక్తహీనత ఎక్కువగా ఉందని 2022 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం న్యూట్రిషన్ కిట్ల పంపిణీకి మొదట ఎంచుకున్న తొమ్మిది జిల్లాల్లో భద్రాద్రి కొత్తగూడెం ఒకటి. పైగా ఇక్కడి రక్తహీనత అంతా ఒకే తీరు కాదు. ఇనుము చాలకపోవడం ఒకటి, కడుపులో కొంకిపురుగులు ఒకటి, ఏజెన్సీని వదలని మలేరియా ఒకటి. వీటికి తోడు పుట్టుకతో వచ్చే సికిల్ సెల్, తలసీమియా. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్‌ను 2047 నాటికి లేకుండా చేయాలని కేంద్రం 2023 జూలై 1న ప్రత్యేక మిషన్ మొదలుపెట్టింది. సికిల్ సెల్ ఉన్నవాళ్లకు లోపలిచెవికి వెళ్లే సన్నటి రక్తనాళాలు మూసుకుపోయి వినికిడే దెబ్బతినవచ్చు. కాబట్టి "రక్తం తక్కువుంది" అనగానే ఎర్ర మాత్రలు చేతిలో పెట్టేస్తే పని అయిపోదు. తలసీమియా లక్షణం మోసే మనిషికి ఇనుము లోటు లేకపోతే ఆ మాత్రలతో ఒరిగేదేమీ ఉండదు. రక్తం ఎక్కించుకుంటూ బతికే తలసీమియా రోగికైతే ఒంట్లో అప్పటికే ఇనుము పేరుకుని ఉంటుంది, ఇంకా ఇస్తే చేటు. చెవిలో నాడి వినిపిస్తోందన్న ఫిర్యాదు ఈ మొత్తం తీగను లాగడానికి దొరికిన కొస.

మరి ఆ ఫిర్యాదును పట్టుకోవడం ఎట్లా? ఇక్కడ భాష అడ్డొస్తుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు పెద్ద వయసు కోయ స్త్రీలు తమ బాధను తమ మాటలోనే చెప్పుకోగలరు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గొత్తికోయలకు తెలుగు మరీ కొత్త. "చెవిలో ఏదో అంటోంది" అన్న మాట ఇద్దరు ముగ్గురి నోళ్లు మారి డాక్టరు చీటీలోకి చేరేసరికి "చెవి నొప్పి" అయి కూర్చుంటుంది. మాట అక్కర్లేని పద్ధతి ఒకటుంది. కూర్చున్న మనిషి మణికట్టు మీద ఏఎన్ఎం నాడి పట్టుకోవాలి. చెవిలో చప్పుడు వినిపించినప్పుడల్లా ఆ మనిషి రెండో చేతివేలితో బల్ల మీద తట్టాలి. తట్టే వేలూ, ఏఎన్ఎం వేలి కింద నాడీ కలిసి నడిస్తే అది నాడి హోరు. కలవకపోతే వేరే రకం. మలేరియాకు క్వినైన్ పడినప్పుడు వచ్చే మోత ఇట్లా నాడితో నడవదు, గుయ్యిమంటూనే ఉంటుంది. అర నిమిషం పని, పైసా ఖర్చు లేదు. నాడి హోరని తేలితే బీపీ చూడాలి, రక్తం శాతం చూడాలి, థైరాయిడ్ పరీక్షకు నమూనా పంపాలి. కొత్తగూడెంలో, ఖమ్మంలో 2021 జూన్ నుంచి ఉన్న ప్రభుత్వ డయాగ్నస్టిక్ కేంద్రాలు ఈ రక్తపరీక్షలు ఉచితంగానే చేస్తాయి. పీహెచ్‌సీ డాక్టరు చెవి లోపల దీపం వేసి చూస్తే కర్ణభేరి వెనక ఎర్రగా ఏమైనా ఉందేమో తెలుస్తుంది. స్టెతస్కోపును చెవి వెనకా మెడ మీదా ఆనించి వింటే కొందరిలో రోగి వినే చప్పుడు డాక్టరుకూ వినిపిస్తుంది. మెడ పక్క సిరను డాక్టరు సుతారంగా నొక్కినప్పుడు చప్పుడు ఆగితే అది సిర నుంచి వస్తున్నదని అనుమానించవచ్చు. ఈ నొక్కడం మాత్రం ఇంట్లో ఎవరికి వారు చేసుకునే పని కాదు, ధమనిలో కొవ్వు పేరుకున్న పెద్దవాళ్లలో అసలు కాదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది. ఈ ప్రాంతంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నప్పుడు, నాడి హోరుతో వచ్చిన స్త్రీలలో చాలామందికి రక్తం తక్కువగానే కనిపిస్తుంది. అదే కారణమనుకుని సరిపెట్టుకుంటే వెనక దాక్కున్న ప్రమాదాన్ని వదిలేసినట్టు కాదా? అవును, ఆ ప్రమాదం ఉంది. తలలో ఒత్తిడి పెరిగే జబ్బు ఎక్కువగా ఒళ్లు చేసిన పడుచు స్త్రీలలో వస్తుంది. తలనొప్పి, వంగినప్పుడు క్షణం పాటు చూపు మసకబారడం, చెవిలో నాడి హోరు దాని గుర్తులు. వదిలేస్తే చూపు శాశ్వతంగా పోవచ్చు. తీవ్రమైన రక్తహీనతే ఈ ఒత్తిడికి తోడవుతుందని కూడా వైద్యులు గమనించారు, అంటే రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. దీన్ని పట్టేది చెవి డాక్టరు కాదు, కంటిపాప పెద్దదిచేసి కంటి వెనక నరాన్ని చూసే కంటి డాక్టరు. బరువు తగ్గించి, అసిటజోలమైడ్ మాత్రలు వాడితే చూపు మెరుగుపడుతుందని 2014లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనం చూపించింది. అందుకే రక్తం శాతం చూడమనడంతో వాదన ఆగకూడదు. రక్తం పెరిగాక కూడా చప్పుడు తగ్గకపోతే, మొదటినుంచీ ఒక్క చెవిలోనే వినిపిస్తుంటే, స్టెతస్కోపుకు అందుతుంటే, ఆ మనిషికి రక్తనాళాల స్కాన్ కావాల్సిందే. చూపు తగ్గడం, భరించలేని తలనొప్పి, మూతి వంకర, చెయ్యి కాలు పడిపోవడం తోడైతే మాత్రల కోసం ఒక్కరోజు కూడా ఆగకూడదు. బండి మీదనుంచి పడి తలకు దెబ్బ తగిలాక కన్ను ఎర్రబడి ఉబ్బి, తలలో హోరు మొదలైతే అది కంటి వెనక ధమని చిట్లి సిరలోకి దారి పడిన సూచన కావచ్చు. దానికి కళ్లకలక చుక్కలు పనికిరావు.

అరుదైన బాధకు ఇంత హడావుడి ఎందుకని ఇంకొందరు అంటారు. ఉన్న జ్వరాలకే మందూ మనిషీ చాలని చోట చెవి చప్పుడు పట్టించుకునే తీరిక ఎవరికుంది అని ఆశా కార్యకర్తలే అడగవచ్చు. వాళ్ల మీద రిజిస్టర్ల బరువు నిజమే, కొత్త రిజిస్టరు ఎవరూ అడగడం లేదు. 30 ఏళ్లు దాటినవాళ్ల దగ్గర వాళ్లు నింపే ఫారంలో వినికిడి గురించిన ప్రశ్న ఇప్పటికే ఉంది. దాని పక్కన "చెవిలో నాడి కొట్టుకున్నట్టు వినిపిస్తోందా?" అని ఇంకొక్క మాట చేర్చడానికి ప్రత్యేక పథకం అక్కర్లేదు. కేంద్రం 2007లోనే చెవుడు నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఇక రాష్ట్ర ప్రభుత్వం కంటి వెలుగు రెండో విడతను 2023 జనవరి 18న ముఖ్యమంత్రులను పిలిచి మరీ ప్రారంభించింది ఖమ్మంలోనే. ఊరూరా బల్ల వేసి కళ్లు చూసి అద్దాలిచ్చిన యంత్రాంగం మనకు తెలియంది కాదు. చెవికి ఆ హంగామా అవసరం లేదు, ఆ బల్ల మీద వేలితో తట్టించి చూసే అర నిమిషం చాలు.

నేరుగా హైదరాబాద్ వెళ్లి ఎమ్మారై తీయించుకుంటే ఒక్కసారిగా తేలిపోతుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. భద్రాచలం నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్ల పైమాటే. పేరుకు భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నా అది ఉన్నది కొత్తగూడెంలో, రైలెక్కాలంటే ముందు 40 కిలోమీటర్లు బస్సులో రావాలి. అంత దూరం పోయి తీయించిన మామూలు మెదడు ఎమ్మారైలో రక్తహీనత కనపడదు, థైరాయిడ్ కనపడదు. సిరల ఇరుకు, ధమని అడ్డదారి కనిపించాలంటే రక్తనాళాల కోసం వేరే పద్ధతిలో తీయాలి. ఏది అనుమానిస్తున్నామో రాసిన చీటీ లేకుండా వెళ్లిన మనిషి "రిపోర్టు నార్మల్" అన్న కాగితంతో, అప్పుతో, అదే చప్పుడుతో తిరిగొస్తాడు. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వైద్య కళాశాల అన్నాక ఈఎన్‌టీ, కంటి విభాగాలు ఉండి తీరాలి. మొదటి జల్లెడ ఊళ్లో, రెండోది అక్కడ పట్టాక మిగిలిన కొద్దిమందే హైదరాబాద్‌లోని కోఠి ఈఎన్‌టీకో నిమ్స్‌కో పోవాలి.

కారణం తేలేలోపు, తేలినా తగ్గేలోపు, రాత్రులు గడవాలి. ఇక్కడ నగరంలో పుట్టిన సలహాలు అడవి ఊళ్లకు అతకవు. చుట్టూ చప్పుడు లేనిచోట లోపలి చప్పుడు పెద్దదవుతుంది. మధ్యాహ్నం పత్తి చేలో గుర్తుకు రాని దబ్ దబ్, కరెంటు పోయి ఫ్యాను ఆగిన రాత్రి నిద్ర పట్టనివ్వదు. సెల్‌ఫోన్‌లో వాన చప్పుడు పెట్టుకుని పడుకోమని రాసేవాళ్లకు సిగ్నలూ చార్జింగూ లేని గూడెం తెలియదు. ఫ్యాను ఉంటే ఫ్యాను, లేకపోతే బ్యాటరీ రేడియో మెల్లగా పెట్టుకోవచ్చు. కొత్తగూడెం ఆకాశవాణి అందకపోతే వచ్చే గరగర కూడా ఈ పనికి సరిపోతుంది. తల కింద ఇంకో దిండు వేసి కాస్త ఎత్తులో పడుకుంటే, ఏ వైపు ఒత్తిగిలితే చప్పుడు తగ్గుతుందో చూసుకుంటే కొందరికి నిద్ర పడుతుంది. చెవిలో కాచిన నూనె, వెల్లుల్లి రసం, పసరు పోయడం మాత్రం మానాలి. చప్పుడు రక్తనాళంలో ఉంటే కాలేది చెవి తోలు. ఈ చప్పుడు వినేవాళ్లలో చాలామందిని పీడించేది గుండె ఆగిపోతుందేమో, పిచ్చెక్కుతుందేమో అన్న భయం. ఫలానా కారణమని ఒకరు విడమరచి చెబితే చప్పుడు అంతే ఉన్నా బాధ తగ్గుతుంది. హోరు వల్ల కలిగే బాధను తగ్గించడంలో మందుల కన్నా ఆలోచన తీరును సరిదిద్దే మాటల వైద్యానికే ఎక్కువ ఆధారాలున్నాయి. అది అందరికీ అందేదాకా, సరిగ్గా వినే ఏఎన్ఎం ఒకరుంటే సగం పని అయినట్టే.

ఇక మిగిలింది సరిహద్దు. భద్రాచలం ప్రాంతీయ ఆసుపత్రికి తెలంగాణ వాళ్లే రారు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, చింతూరు, ఎటపాక మండలాల నుంచి, ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు నుంచి, ఒడిశా మల్కన్‌గిరి నుంచి కూడా వస్తారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలు చేశారు. అయితే గోదావరి గట్టు దిగిన రెండు మూడు కిలోమీటర్లలోనే ఉన్న ఎటపాక మనిషి చేతిలో ఉండేది వేరే రాష్ట్రం కార్డు. ఆపరేషన్ దాకా వెళ్తే ఏదో ఒక పథకం ఆదుకోవచ్చు గానీ, కారణం తేల్చే స్కాన్ బయట తీయించాల్సి వస్తే డబ్బు ఎవరికైనా జేబులోంచే పోతుంది. నాడి హోరు కేసుల్లో అసలు ఖర్చంతా ఆ తేల్చే దశలోనే ఉంటుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలూ, భద్రాచలం ఐటీడీఏ, చింతూరు ఐటీడీఏ కూర్చుని ఏటా కొద్దిమందికే అవసరమయ్యే ఆ స్కాన్ ఖర్చును ఎవరు భరించాలో తేల్చుకోవడం పెద్ద పనేమీ కాదు. కావాలంటే ముందు ఒక్క వానాకాలం, మలేరియా సర్వేకు ఇంటింటికీ తిరిగే సిబ్బందితో ఆ ఒక్క ప్రశ్న అడిగించి, చెవిలో నాడి వినే మనుషులు నిజంగా ఎందరున్నారో లెక్క తీయమనండి.