క్లచ్ బరువెక్కితే ముందుగా వైరును పరీక్షించండి

ఆబిడ్స్ జనరల్ పోస్టాఫీసు కూడలి నుండి నాంపల్లి రైల్వే స్టేషన్ వరకు గల దారి నడిచి వెళ్ళగలిగినంత దగ్గర. అయినప్పటికీ సాయంకాలం వేళ కారు నడిపేవారి ఎడమకాలికి అదొక సుదీర్ఘ ప్రయాణమే. ఆగడం, కదలడం, మళ్ళీ ఆగడం. ప్రతిసారీ క్లచ్ తొక్కక తప్పదు. జనవరి 1న ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ ప్రారంభమైతే ఫిబ్రవరి వరకు ఈ రద్దీ మరింత పెరుగుతుంది. ఇటువంటి రోడ్లపై నిత్యం తిరిగే కారులో క్లచ్ పెడల్ క్రమంగా బిగుసుకుపోవడం తరచుగా కనిపించే సమస్య. అది ఒక్కరోజులో జరగదు గనుక నడిపేవారి కాలు దానికి అలవాటు పడిపోతుంది. ఇంట్లో మరొకరు ఆ కారు నడిపినప్పుడే “ఇంత గట్టిగా ఉన్నదేమిటి?” అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు.

సమస్యను గుర్తించాలంటే క్లచ్ పనిచేసే తీరును కొంత తెలుసుకోవాలి. ఇంజను శక్తిని గేరుబాక్సుకు అందించేది క్లచ్ ప్లేటు. దానిని బలమైన స్ప్రింగు గల ప్రెషర్ ప్లేటు ఇంజను చక్రానికి అదిమి పట్టి ఉంచుతుంది. మనం పెడల్ తొక్కినప్పుడు వైరు ఒక ఫోర్కును లాగుతుంది. ఆ ఫోర్కు రిలీజ్ బేరింగును ముందుకు నెట్టి స్ప్రింగు పట్టును సడలిస్తుంది. ఆల్టో వంటి అనేక చిన్న కార్లలో ఈ పని వైరుతో జరుగుతుంది. మరికొన్ని కార్లలో వైరుకు బదులు గొట్టంలోని ద్రవం ఆ ఒత్తిడిని అందిస్తుంది. పెడల్ బరువెక్కడానికి కారణం ఈ గొలుసులో ఏ దశలోనైనా ఉండవచ్చు. చివరి దశలో ఉంటే గేరుబాక్సు దించవలసి వస్తుంది, ఖర్చు అధికం. మొదటి దశలోనే ఉంటే వైరు మార్పుతో సరిపోతుంది. కుటుంబ బడ్జెట్టుకు ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది.

కాబట్టి ‘క్లచ్ సెట్టు మొత్తం మార్చాలి’ అన్న మాటకు తలూపడానికి ముందు ఒక చిన్న పరీక్ష జరిపించండి. ఇంజను ఆపి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేయించండి. ఫోర్కు వద్ద వైరు కొసను విప్పమని మెకానిక్‌ను కోరండి. ఇప్పుడు పెడల్‌ను చేతితో నొక్కి చూడాలి. ఇంకా బిగుసుగానే ఉంటే లోపం వైరులోనో, పెడల్ తిరిగే ఇరుసులోనో ఉన్నట్లు. పై కొసను కూడా విప్పి, లోపలి తీగను అటూ ఇటూ లాగితే ఆ రెండింటిలో ఏదో తేలిపోతుంది. తీగ గరుకుగా కదిలినా, మధ్యలో పట్టినట్లు ఆగినా వైరు మార్చవలసిందే. తీగ సాఫీగా కదిలితే ఇరుసును శుభ్రపరచి గ్రీజు పెట్టించాలి. వైరు విప్పిన తరువాత పెడల్ పూర్తిగా తేలికపడి, తీగ కూడా సాఫీగా కదిలితే మాత్రం లోపం ఫోర్కు వైపు ఉన్నట్లు భావించాలి.

కొత్త వైరు వేయించేటప్పుడు అది పాత దారిలోనే వెళ్ళేటట్లు చూడాలి. అది ఎక్కడైనా మడతపడినా, వేడి సైలెన్సర్ గొట్టానికి తగిలినా కొద్దికాలానికే మళ్ళీ బిగుసుకుంటుంది. లోపల ప్లాస్టిక్ పొర గల వైర్లలో నూనె పోయరాదు. ఆ నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది. వైరును మరీ బిగించి కట్టించినా బేరింగుపై ఎడతెగని ఒత్తిడి పడుతుంది. కావున పెడల్ పైభాగంలో కంపెనీ పుస్తకంలో చెప్పినంత ఖాళీ కదలిక ఉండాలి.

ద్రవంతో పనిచేసే క్లచ్‌లో పెడల్ గట్టిపడితే, కింది సిలిండర్‌లోని పిస్టన్ పట్టివేయడమో, రబ్బరు గొట్టం లోపల ఉబ్బి దారి మూసుకుపోవడమో కారణం కావచ్చు. మూతపై రాసిన రకం బ్రేకు ఆయిలు తప్ప వేరేది పోయరాదు. పొరపాటున ఇంజను ఆయిలు పోస్తే రబ్బరు సీళ్ళు ఉబ్బి పెడల్ పట్టేస్తుంది.

లోపం లోపలి భాగాలలోనే ఉంటే కొన్ని లక్షణాలు ముందే కనిపిస్తాయి. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజను శబ్దం పెరిగినా బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగినట్లు. ప్లేటు అరిగేకొద్దీ స్ప్రింగు కోణం మారి పెడల్ కూడా బరువెక్కుతుంది. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే గరగర శబ్దం వస్తే బేరింగును అనుమానించాలి. ఫోర్కు ఇరుసు గ్రీజు లేక ఎండిపోయినా బరువు పెరుగుతుంది. గేరుబాక్సు దించవలసి వచ్చినప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ ఒకేసారి మార్చడం మేలు. ఒకటి మార్చి మిగిలినవి వదిలేస్తే అదే కూలీని మరోసారి చెల్లించవలసి రావచ్చు. అంచనా ఖర్చును ముందే కాగితంపై రాయించుకోండి, తీసిన పాత భాగాలను అడిగి చూడండి. నిజాయితీగా పనిచేసే మెకానిక్ ఇందుకు నొచ్చుకోడు.

ఈ విషయంలో జాప్యం ప్రమాదకరం. లోపల తీగ పోగులు ఒక్కొక్కటిగా తెగుతూ వచ్చిన వైరు నడిరోడ్డుపై పూర్తిగా తెగిపోవచ్చు. అటువంటప్పుడు కంగారుపడక యాక్సిలరేటర్ నుండి కాలు తీసి, గేరును న్యూట్రల్‌లోకి లాగి, బ్రేకు వేస్తూ బండిని పక్కకు చేర్చాలి. నాలుగు ఇండికేటర్లనూ వెలిగించాలి.

క్లచ్ ఎక్కువ కాలం మన్నాలంటే సిగ్నల్ వద్ద న్యూట్రల్‌లోకి మార్చి పెడల్ వదిలేయాలి. నడిచే బండిలో కాలిని పెడల్‌పై ఆనించి ఉంచరాదు. ఫ్లైఓవర్ ఎత్తుపై ఆగినప్పుడు బండిని హాఫ్ క్లచ్‌తో నిలపకుండా హ్యాండ్ బ్రేకుతో నిలపాలి. ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరికీ ఈ మూడు అలవాట్లు నేర్పండి.