చార్జి అప్పగించు వేళ

నాయకత్వమును గూర్చిన ప్రసంగములకు ఈ దినములలో కొదువ లేదు. హైదరాబాదు హోటళ్లలో శిక్షణ తరగతులు జరుగుచున్నవి. వికారాబాదు నుండియు తాండూరు నుండియు సీజన్ టికెట్టుపై రాజధానికి పోయి వచ్చు ఉద్యోగులలో అనేకులు వాటికి హాజరైనవారే. దూరదృష్టి, ధైర్యము, ఉత్సాహము అను పెద్ద మాటలన్నియు ఆ తరగతులలో వినబడును. కాని పని ముగించి ఇంటికి పోవువాడు తన స్థానమున కూర్చుండబోవువానికి ఆ పనిని ఎట్లు అప్పగించవలెనను చిన్న విషయమును ఎవరును ముట్టరు. ఒక కార్యాలయపు పెద్ద ఎట్టివాడో తెలియగోరువారు షిఫ్టు మారు వేళ అచ్చటి రిజిస్టరులో పడు నాలుగు పంక్తులను చదివిన చాలునని నా అభిప్రాయము.

1874లో వాడి–సికింద్రాబాదు రైలుమార్గము తెరచినది మొదలు వికారాబాదు, తాండూరు ఊళ్ల జీవితము రైలుతో పెనవేసుకొన్నది. పిమ్మట బీదరు మీదుగా పర్లికి పోవు శాఖ వికారాబాదు వద్ద చీలుటచే అది జంక్షను కూడ అయినది. రైల్వేవారి పనిలో నన్ను మిక్కిలి ఆకర్షించినది ఇంజను వేగము కాదు, స్టేషను మాస్టరు బల్ల మీది డైరీ. డ్యూటీ దిగు మాస్టరు ఏ లైనులో ఏ బండి నిలిచియున్నదో, ఏ సిగ్నలు చెడినదో, ఏ పాయింటు వద్ద పని జరుగుచున్నదో వ్రాసి సంతకము చేయును; డ్యూటీ ఎక్కు మాస్టరు అది చదివి తానును సంతకము చేయును. లైన్ క్లియర్, అనగా బండి రావచ్చునను అనుమతి, ఇచ్చునప్పుడు సైతము నోటిమాటను నమ్మక, ప్రైవేటు నంబరు చెప్పి దానిని రెండు స్టేషన్లలోను వ్రాసికొను ఆచారము తరతరములుగా వచ్చుచున్నది. ఇంత తతంగము మనుష్యులపై అపనమ్మకముచే పుట్టినదని కొందరనుకొందురు. నిజమునకు రాత్రి రెండు గంటలకు అలసిన మనుష్యుని జ్ఞాపకశక్తిపై మోపరాని భారమును కాగితముపై మోపిన దయ అది.

తాండూరు పరిసరముల సిమెంటు కర్మాగారములలో ఇదే ధర్మము మరింత కఠినముగా కానవచ్చును. 1965లో స్థాపితమైన సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అను సంస్థ వారి కర్మాగారమొకటి కరన్‌కోటలో కలదు. ప్రైవేటు కంపెనీలవి వేరుగా ఉన్నవి. కొలిమిలో కాలు క్లింకరు వేడి సుమారు 1,450 డిగ్రీల వరకు పోవును. ఆ కొలిమిని, అనగా కిల్నును, ఇష్టము వచ్చినప్పుడు ఆపి ఇష్టము వచ్చినప్పుడు వెలిగించుటకు వీలులేదు; చల్లారుట వలన లోపలి అగ్నియిటుకలు పగులును. ఇటుక ఒకటి ఊడినచోట బయటి ఉక్కు తొడుగు ఎర్రబారును. రెడ్ స్పాట్ అని కార్మికులు పిలుచు ఆ మచ్చను మొదట చూచినవాడు తన షిఫ్టు ముగియుటకు పది నిమిషములే ఉన్నవని ఊరకుండి, లాగ్ బుక్కులో అంతా ఓకే అని వ్రాసి పోయినచో ఏమి జరుగునో ఊహింపవచ్చును. ఆ పది నిమిషములు గడుపుకొన్నవాడు మరునాడు నిశ్చింతగా కాఫీ త్రాగుచుండగా, అతని తరువాతివాడు సంజాయిషీ చెప్పుకొనుచుండును.

ఇక్కడనే అసలు ప్రశ్న ఎదురగును. అతడు అంతా ఓకే అని ఎందుకు వ్రాసెను? సోమరితనమని తీర్పు చెప్పుట సులభమే. కాని అంతకు కొన్నాళ్ల ముందు అతడే ఒక లోపమును ఉన్నదున్నట్లు వ్రాసినప్పుడు పెద్ద అతనిని పదిమంది ఎదుట ఏమనెనో ఎవరైన విచారించితిరా? చెడ్డవార్త తెచ్చినవానికి చీవాట్లు పెట్టు అధికారి తనకు తెలియకుండగనే ఒక పాఠము బోధించుచున్నాడు; ఆ పాఠమును సిబ్బంది శిక్షణ తరగతుల పాఠముల కంటె త్వరగా నేర్చుకొందురు. వారములు గడువక మునుపే రిజిస్టరులన్నియు నిర్మలములగును, యంత్రములు మాత్రము చెడుచునే యుండును. దీనికి విరుద్ధముగా, లోపము వినగానే ఎవరు చేసిరని గాక ఇప్పుడెట్లున్నదని మొదట అడుగు అలవాటు గల పెద్ద వద్ద నిజము చెప్పుట చౌకయగును. కావలెనని చేసిన నిర్లక్ష్యమును క్షమింపుమని నేననుట లేదు. దానిపై విచారణ మధ్యాహ్నము జరిగిన నష్టమేమియు లేదు, ఉదయమున కొలిమి సంగతి చూడవలెను.

నాయకత్వమనగానే మనము తలచు ఉదాహరణ వేరు. 1956లో మహబూబ్‌నగర్ సమీపమున వంతెన కూలి వందమందికి పైగా ప్రయాణికులు మరణించినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా సమర్పించెను, నెహ్రూ అంగీకరింపలేదు. అదే సంవత్సరము అరియలూరులో మరల ఘోర ప్రమాదము జరుగగా ఆయన మరల ఇచ్చిన రాజీనామా ఆమోదము పొందెను. మహత్తరమైన త్యాగమే. అయినను దానినే నాయకత్వమునకు ఏకైక ఆదర్శముగా నిలుపుట వలన, ప్రమాదమునకు పిమ్మటి ఒక్క దినమును కీర్తించి ప్రమాదము లేకుండ గడచిన వేలాది దినములను మరచుచున్నాము. ప్రతిదినము తన పరిధిలోని పట్టాల వెంట నడచి ఊడిన కీలను బిగించు కీమ్యాను పేరు ఏ వార్తలోను రాదు.

మరల అప్పగింత సంగతికి వచ్చినచో, షాబాదు బండల గనులలో అనుభవజ్ఞుడైన మేస్త్రీ వాన కురిసిన పిమ్మట గని అంచు ఎచ్చట బీటవారినదో మరునాటి గుంపునకు చూపి గాని పోడు. ప్రేలుడుమందు వాడు గనులలో ప్రేలక మిగిలిన తూటా సంగతి తరువాతి షిఫ్టువానికి తెలుపవలెనని నిబంధనయే కలదు. పొలములలో కూడ ఈ విషయమునకు చోటున్నది. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించినది, యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దానికి దరఖాస్తుదారు. ఆ పేరు ఇప్పుడు ఈ ప్రాంతపు రైతులందరి ఉమ్మడి ఆస్తి గనుక, ఎక్కడిదో కంది కలిసిన ఒక్క లాటు చాలును వారందరికి చెడ్డపేరు తెచ్చుటకు. ఒక పాలకవర్గము దిగి మరొకటి ఎక్కునప్పుడు ఏ కొనుగోలుదారుడు ఏ సరకును ఎందుకు త్రిప్పిపంపెనో దాచక అప్పగించు రైతుకంపెనీలే నిలుచును.

ఇక ఉద్యోగి స్వీయాభివృద్ధి మాట. తన షిఫ్టులో ఏమి జరిగినదో ప్రతిదినము ఐదు వాక్యములలో మరొకరికి అర్థమగునట్లు వ్రాయువానికి తన పనిపై క్రమముగా పట్టు చిక్కును. ఏలయన వ్రాయబోయినప్పుడు గాని మనకు ఏది తెలియదో బయటపడదు. అంతే గాక, తాను లేకున్నను పని సాగునట్లు చేసినవానికే పై బాధ్యత అప్పగింపవచ్చునని యజమాని గ్రహించును. రహస్యములను గుప్పిట పట్టుకొని, తాను లేనిదే ఆఫీసు నడవదని మురియు గుమాస్తాలను మనమందరము చూచితిమి. వారు ఆ కుర్చీలోనే రిటైరగుట చూచితిమి.

2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా రంగారెడ్డి నుండి విడివడి ఏర్పడినప్పుడు ఎన్నో ఫైళ్లు, ఎన్నో కుర్చీలు చేతులు మారినవి. బదిలీల మూలమున నేటికిని మారుచునే యున్నవి. చార్జి అప్పగింత కాగితమున బీరువాల లెక్క, తాళముల లెక్క ఉండును. పెండింగులో నున్న అర్జీలేవి, ఎవరికి ఏ మాట ఇచ్చితిమి, ఏ పనిలో ఎచ్చట పొరపడితిమి అను వివరములతో మరియొక పుట చేర్చుటకు క్రొత్త చట్టమక్కరలేదు, ఖర్చును లేదు. ఆ పుట లేకుండ ఏ అధికారియు రిలీవు కాకూడదని జిల్లా యంత్రాంగము ఒక ఉత్తర్వు జారీచేయవలెనని, ఆ పుటలో ఒప్పుకొన్న పొరపాటునకు మెమో ఇయ్యరాదని అందులోనే స్పష్టము చేయవలెనని కోరుచున్నాను.