మాటెత్తితే 'ఉక్కుపాదం'.. అసలు ఆ మాటకు అర్థమేంటి?

డ్రగ్స్‌పై ఉక్కుపాదం. ఇసుక దందాపై ఉక్కుపాదం. కబ్జాదారులపై ఉక్కుపాదం. తెలుగు రాష్ట్రాల్లో అధికారంలో ఎవరున్నా ఈ మాట మాత్రం మారదు. ఇంగ్లిష్‌లో 'క్రాక్‌డౌన్' అనే చోట మనకు స్క్రోలింగ్‌లో కనిపించేది ఇదే. ఇంతకీ దీనికి అర్థమేంటి?

కఠినంగా అణచివేయడం అన్నది పైకి కనిపించే అర్థం. వాడుకలో మాత్రం దీనికి రెండు ముఖాలున్నాయి. గంజాయి ముఠాలపై ఉక్కుపాదం మోపితే శభాష్ అంటాం. 1989లో బీజింగ్‌లోని తియానన్మెన్ స్క్వేర్ ఉద్యమంపై చైనా సైన్యం మోపిందీ ఉక్కుపాదమే. అక్కడ అదే మాట నిందగా మారిపోతుంది. ఎవరిని తొక్కారన్న దాన్ని బట్టి మెప్పో, తిట్టో తేలుతోంది. చట్టప్రకారం జరిగిందా లేదా అన్నది ఈ మాటలో ఎక్కడా ఉండదు.

చిక్కంతా ఇక్కడే. చట్టాన్ని కఠినంగా అమలు చేయాలంటే నోటీసు ఉండాలి, గడువు ఉండాలి, ఆధారం ఉండాలి. బుల్డోజర్ కూల్చివేతలపై 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే. నేరం ఆరోపణ ఉందనో, శిక్ష పడిందనో ఇల్లు కూల్చడం కుదరదని తేల్చేసింది. అక్రమ కట్టడమైనా కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలంది. ఆదేశాలు మీరితే కూల్చిన దాన్ని తిరిగి కట్టించే ఖర్చు అధికారులే సొంతంగా భరించాలని హెచ్చరించింది. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైల్వే లైన్లు, నీటి వనరులను ఆక్రమించిన కట్టడాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది.

మరోవైపు, ఉక్కుపాదం ఎన్నాళ్లు ఉంటుందన్నదీ ప్రశ్నే. ఒక్కసారి వాడి పారేసే 19 రకాల ప్లాస్టిక్ వస్తువులపై 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు అన్నీ ఆ జాబితాలోవే. అయినా ఫంక్షన్లలో, టిఫిన్ బండ్ల దగ్గర అవి కనిపిస్తూనే ఉన్నాయి. నాలుగు రోజులు తనిఖీలు, జరిమానాలు, ఫొటోలు.. ఆ తర్వాత షరా మామూలే.

రోజూ జరగాల్సిన పని జరగనప్పుడే అప్పుడప్పుడూ ఉక్కుపాదం మోపాల్సి వస్తుంది. కాబట్టి ఈసారి ఆ మాట వినపడితే చప్పట్లు కొట్టే ముందు ఆలోచించండి. ఏ సెక్షన్ కింద? నోటీసిచ్చారా? పెద్దోళ్లకూ ఇదే రూలా? వచ్చే నెల కూడా ఇలాగే ఉంటుందా? వీటికి జవాబుంటే అది చట్టం అమలు. లేదంటే వట్టి హెడ్‌లైనే!