దడి కట్టి దారి వదిలేస్తే ఏం లాభం?

మడి చుట్టూ దడి కడతారు. గుంజలు పాతి, కంప కొట్టి, రెండు మూడు రోజులు ఇంటిల్లిపాదీ కష్టపడతారు. తీరా లోపలికి పోయే దారి దగ్గరకొచ్చేసరికి ఓ తుమ్మకంప అడ్డం లాగి చేతులు దులుపుకుంటారు. అవునా, కాదా? మన ప్రకాశం జిల్లాలో కూరగాయల మళ్లు చాలాచోట్ల చూశాను. ఎక్కువగా ఇదే వరస.

ఆ కంపను రోజుకు ఎన్నిసార్లు తీస్తున్నారో, ఎవరు తీస్తున్నారో గమనించారా? ఎక్కువగా ఆడవాళ్లే. నెత్తిన గడ్డిమోపు ఉంటుంది. ఒక చేత్తో మోపు పట్టుకుని రెండో చేత్తో ముళ్లకంప లాగాలి. చెయ్యి గీరుకుంటుంది, కాల్లో ముల్లు దిగుతుంది. ‘మళ్లీ రావాల్సిందేగా’ అని కంపను సగం లాగి వదిలేస్తారు. ఆ సందులోంచే బర్రె దూరుతుంది. పది నిమిషాలు చాలు, రెండు నెలల బెండ, వంగ నేలమట్టం. ఆ తర్వాత సంగతి మీకు చెప్పనక్కర్లేదు. గొడ్డుగలవాడితో తగాదా, బందెలదొడ్డి మాట, పెద్దమనుషుల దగ్గర పంచాయితీ. తగవు తీరుతుందేమో గానీ పోయిన కాయ తిరిగి రాదు.

ఇందులో గొడ్డు తప్పు కొంతే. తెరిచిన దారి మన తప్పు. ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుంది. ‘గేటు పెట్టించే స్తోమత మాకెక్కడిది?’ అంటారు. గేటంటే ఇనుప గేటే అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఇరవై సెంట్ల మడికి ఇనుప గేటు అక్కర్లేదు. పెట్టినా రాత్రికి రాత్రి పాత ఇనుము కింద అమ్ముకునేవాళ్లున్నారు. కర్ర గేటును ఎవడూ ఎత్తుకుపోడు.

కర్రకు మన దగ్గర కరువు లేదు. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ తోటలు ఉన్న జిల్లా మనది. గట్టు మీద వేపో, నల్లతుమ్మో ఉంటుంది. భూమిలో పాతే గుంజకు మాత్రం చేవదేరిన తుమ్మ లేదా వేప వాడండి. సుబాబుల్ భూమిలో ఎక్కువకాలం ఆగదు, దాన్ని గేటు పైభాగానికి వాడుకోండి. రాతి కూసం దొరికితే మరీ మంచిది.

మనిషీ, సైకిలూ పోవడానికి 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు చాలు. గుంజ ఏడున్నర అడుగులు తీసుకుని రెండున్నర అడుగులు పాతండి. పాతే మొదలుకు తారు పూయండి. గేటుకు రెండు నిలువు కర్రలు కావాలి. ఒకటి 5 అడుగులు, ఒకటి 4 అడుగులు. రెండు అడ్డకర్రలు 4 అడుగులవి. వాటి మధ్య 3 అడుగులు ఎడం ఉంచి నాలుగు మూలలా బోల్టులు బిగించండి. మూల నుంచి మూలకు రెండువైపులా తాడుతో కొలవండి. రెండు కొలతలూ సమంగా ఉంటే గేటు వంకర లేనట్టు. మధ్యలో ఒకటిన్నర అంగుళాల కర్రలు పది నిలువుగా కొడితే సందు రెండున్నర అంగుళాలే మిగులుతుంది. మేకపిల్ల కూడా దూరదు. జామాయిల్, సరుగుడు కర్రలు మేకు కొడితే చీలతాయి. ముందు బరమాతో సన్నని బెజ్జం వేసి అప్పుడు కొట్టండి.

అందరూ తప్పు చేసేది ఏటవాలు కర్ర దగ్గర. అది లేకపోతే నాలుగు నెలల్లో గేటు ఓ పక్కకు వాలి నేల మీద ఈడుస్తుంది. ఈడ్చే గేటును ఎవరూ మూయరు, మళ్లీ కథ మొదటికొస్తుంది. ఈ కర్ర గేటు తిరిగే వైపున కింది మూలలో మొదలై, గడియ వైపున పై మూలకు పోవాలి. అప్పుడే గేటు బరువును కింద నుంచి మోస్తుంది. తిరగేసి కొడితే కొట్టినా ఒకటే, కొట్టకపోయినా ఒకటే.

బందులు కూడా కొనక్కర్లేదు. పాత ఇళ్ల తలుపులు చూడండి. 5 అడుగుల నిలువు కర్ర కింది కొసను మొనలా చెక్కి, గుంట ఉన్న రాతిలో నిలపండి. పైన పాత లారీ టైరు ముక్కను కర్ర చుట్టూ తిప్పి గుంజకు మేకులు కొట్టండి. గడియకు ఓ తాడు మెలిక చాలు. కొనేది మేకులు, నాలుగు బోల్టులు మాత్రమే. ఇంట్లో రంపం, బాడిశ ఉంటే ఒక్క పూట పని.

‘మాది కౌలు పొలం, వేరేవాళ్ల చేలో గేటెందుకు?’ అని అడిగిన రైతులున్నారు. న్యాయమైన మాటే. అందుకే ఈ రకం గేటు చెబుతున్నాను. టైరు ముక్క విప్పితే గేటు లేచి చేతిలోకి వస్తుంది. పొలం మారితే భుజాన వేసుకుని పోవచ్చు. కౌలు రైతుకు మిగిలే ఆస్తి అది.

ఇక అడవిపందులు. కర్ర గేటు వాటిని ఆపుతుందని నేను చెప్పను. అంతమాత్రాన దారికడ్డంగా కరెంటు తీగ కట్టడం ఘోరం. ఆ తీగ పందినీ మనిషినీ వేరుచేసి చూడదు. తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన పక్కరైతో, మీ ఇంట్లో మనిషో దాని మీద పడొచ్చు. ప్రాణం పోతుంది, కేసూ మీదే పడుతుంది. అలాంటి తీగ ఉంటే ఇవాళే పీకేయండి.

పై పంట వేసేముందు ఓ సాయంత్రం మీ మడి దారి కొలవండి. ఇంటి వెనక పడి ఉన్న కర్రలు లెక్క చూసుకోండి. గేటు తయారయ్యాక ముందు ఇంటి ఇల్లాలి చేత, నెత్తిన మోపుతో, ఒక చేత్తో తీయించి చూడండి. ఆమె తేలిగ్గా మూయగలిగితేనే అది గేటు. లేకపోతే అది కూడా కంపే.