మర్యాద పేరుతో ఎగ్గొట్టిన కూలి

2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడి ముందు 365 రకాలు పెట్టారు. ఆ బల్లను టీవీలన్నీ తిప్పి తిప్పి చూపించాయి. మరుసటి ఏడు భీమవరంలో 173 రకాల బల్ల. అక్కణ్ణుంచి పండగొస్తే చాలు, ఎక్కడో ఒకచోట గిన్నెలు లెక్కపెట్టే పోటీ. గోదావరి వాళ్ళ మర్యాదంటే ఇదీ అని ఫోన్లలో పంచుకుని మురిసిపోయాం. పిల్లనిచ్చేవాళ్ళు వేడుక చేసుకున్నారు, వాళ్ళ ముచ్చట, వాళ్ళ డబ్బు. నా గొడవ వాళ్ళతో కాదు. ఆ వీడియో చూసి చంకలు గుద్దుకున్న మనందరితో. గిన్నెలు లెక్కపెట్టినవాళ్ళలో ఒక్కరైనా వాటిని తోమిన చేతులెన్నో అడిగారా?

అదే నరసాపురానికి ఇంకో బల్లతో సంబంధం ఉంది. ఆ బల్ల మాత్రం టీవీలో రాదు. యూరప్‌లో, అమెరికాలో విందుకి బల్ల సింగారించేవాళ్ళు తెల్లటి లేసు గుడ్డ పరుస్తారు, పళ్ళెం కింద మ్యాటు, గ్లాసు కింద గుండ్రటి డాయిలీ వేస్తారు. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్ళలో వీధి అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళు తరతరాలుగా అల్లుతున్న సరుకది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని. ఒకామె కొక్కెం సూదితో పువ్వులు మాత్రమే అల్లుతుంది, దాన్ని చేతిపని అంటారు. ఆ పువ్వుల్ని కలిపి గుడ్డగా చేసేది ఇంకొకామె, అది అతుకుపని. దారం ఇచ్చేదీ, అల్లింది పట్టుకెళ్ళేదీ ఏజెంటు. పువ్వు అల్లినామెకి తయారైన గుడ్డ కంటపడదు. అది ఏ దేశం పోయిందో, అక్కడ ఎంతకి అమ్ముడుపోయిందో చెప్పే నాథుడు లేడు.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో ఇక్కడికొచ్చి ఈ అరుగుల మీదే కూర్చుని లెక్కలు తీశారు. 1982లో అది పుస్తకమైంది. పొద్దస్తమానం వంగి అల్లినా ఆ రోజుల్లో చేతికొచ్చేది రూపాయి లోపే. పొలంలో నాట్లేసే ఆడకూలీకి అంతకంటే ఎక్కువ ముట్టేది. తేడా ఎక్కడొచ్చిందో కూడా ఆవిడే పట్టుకున్నారు. లేసు అల్లేవాళ్ళని ఎవరూ పనివాళ్ళుగా చూడలేదు. ఇంటిపట్టునుండే ఇల్లాళ్ళు తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటున్నారు, అంతే. మేం పొలంలోకి దిగం, గడప దాటం అన్నది ఆ ఇళ్ళకి పరువు. ఆ పరువు ఖరీదు కూలిలోంచే కోసుకున్నారు. ఇంత చవగ్గా, ఇంత అణకువగా, సంఘం పెట్టుకోకుండా పనిచేసే మనిషి ఏ ఫ్యాక్టరీలో దొరుకుతుంది? ఎగుమతిదారులు ఊరికే పెద్దవాళ్ళయ్యారా?

నలభై ఏళ్ళు దాటాయి. సీతారామపురంలో లేసు పార్కు వచ్చింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. కానీ ఆ గుర్తింపునిచ్చే చట్టం కాపాడేది సరుకు పేరుని. అల్లినామె కూలి గురించి అందులో ఒక్క ముక్క లేదు. సన్మానాలు జరిగిపోయాయి, దండలు వాడిపోయాయి.

ఇక మన ఇంట్లో బల్ల. వడ్డన గొప్ప విద్య, ఆ మాట ఒప్పుకోకపోతే కళ్ళు పోతాయి. ఆకు కొస తినేవారి ఎడమకి రావాలి. ఉప్పెక్కడ, పచ్చడెక్కడ, కూరెక్కడ అన్నదానికి చోటుంది. పప్పు పడీ పడగానే నెయ్యి అందాలి. పాతికమంది కూర్చున్న బంతిలో ఎవరి ఆకులో ఏది నిండుకుందో వాళ్ళు తలెత్తక ముందే కనిపెట్టాలి, మొహమాటపడేవాళ్ళని గుర్తుపట్టి మారు వడ్డించాలి, పులుసు దాటి పెరుగు దాకా ఎవరినీ తొందరపెట్టకుండా నడిపించాలి. ఇంత తెలిసినామె తినేదెప్పుడు? ఆఖరి బంతిలో, పనసపొట్టు కూర అడుగంటాక. అప్పటికి అల్లుడుగారు చెయ్యి కడుక్కుని, కిళ్ళీ వేసుకుని, "వంట అదిరిపోయిందండీ అత్తయ్యగారూ" అని నడుం వాల్చేసుంటారు.

ప్రేమతో చేస్తారండీ, దానికీ లెక్కలేనా అంటారు. సరే, ప్రేమే అనుకుందాం. మరి ఆ ప్రేమ మగవాళ్ళకి వంటింటి గుమ్మం దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? పెళ్ళి వంటలు చూడండి. అక్కడ గాడిపొయ్యి దగ్గర నిలబడి పనివాళ్ళని అదిలించే మేస్త్రి మగవాడు, బయానా పుచ్చుకునేది మగవాడు. డబ్బులిచ్చే చోట గరిటె పట్టడం మగతనానికి అడ్డురాలేదు! ఇంట్లో పట్టుకోమంటేనే తలవంపులు.

అన్నం పెట్టడం గురించి గోదావరి గడ్డ మీద మాట్లాడితే లంకల గన్నవరం డొక్కా సీతమ్మ (1841–1909) పేరు తలవక తప్పదు. ఆకలని వచ్చినవాళ్ళకి వేళాపాళా చూడకుండా పెట్టింది ఆ తల్లి. ఆవిడ ఆకులో ఎన్ని రకాలున్నాయని ఎవరూ లెక్కపెట్టలేదు. ఇవాళ రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టుకున్నాం. ఆ బడి పొయ్యిల దగ్గర వండే ఆడవాళ్ళకి 2019లో నెలకి వెయ్యి రూపాయల్ని మూడు వేలు చేసినప్పుడు అదే మహాభాగ్యమన్నట్టు చెప్పుకున్నారు. నెలకి మూడు వేలంటే రోజుకి వంద. జీతమనడానికి మొహం చెల్లక దానికి గౌరవ వేతనమని పేరు. అరుగు మీదా, వంటింట్లో, బడి పొయ్యి దగ్గరా ఒకటే ఎత్తు. దండం పెట్టి జేబు మూసుకోవడం.

వచ్చే సంక్రాంతికి అల్లుళ్ళు చేయాల్సింది చిన్న పని. మొదటి బంతిలో అత్తగారినీ, వంటింట్లో చాకిరీ చేసినవాళ్ళనీ కూర్చోబెట్టి నెయ్యి గిన్నె మీరు పట్టుకోండి. ఒలికితే ఒలకనివ్వండి. ఆ వీడియో పెట్టండి, నేనూ పదిమందికీ పంపిస్తాను.

లేసు సంగతి అంత తేలిగ్గా తేలదు. ఏజెంటు దారం ఇచ్చేటప్పుడే పువ్వుకి ఇంత, గంటకి ఇంత పడేలా రేటు చీటీ రాయాలి. ఆ చీటీ అల్లేవాళ్ళ చేతిలో ఉండాలి. కూలీల చట్టంలో ఉన్న కనీస వేతనం అరుగు మీద కూర్చుంటే మాయమైపోకూడదు. అడిగితే వెంటనే బెదిరింపు వస్తుంది, కూలి పెంచితే ఆర్డర్లు చైనా యంత్రాల లేసుకి పోతాయని. యంత్రం లేసుకీ మన ఆడవాళ్ళ చేతి లేసుకీ కొనేవాడికి తేడా తెలీదనే అనుకుంటే, మరి భౌగోళిక గుర్తింపు దేనికి తెచ్చుకున్నట్టు? తేడా తెలుస్తుందంటే, ఆ తేడాకి వచ్చే డబ్బు ఇన్నాళ్ళూ ఎవరి జేబులోకి పోయినట్టు?